అంటు కట్టే విద్య: సంస్థానపు తోట నుండి పేదవాని పెరటికి

మా వ్యవసాయ ప్రసంగాలు విన్న శ్రోతలు వ్రాసే ఉత్తరాలలో ఒక ప్రశ్న మళ్ళీ మళ్ళీ కనిపిస్తూ ఉంటుంది. పెరటిలో నాలుగు మంచి మామిడి చెట్లు పెంచుకోవాలని ఉన్నది, అంటు మొక్కలు కొనే తాహతు లేదు, అంటు కట్టడం మేమే నేర్చుకోగలమా, అందుకు ఎంత ఖర్చవుతుంది అని వారు అడుగుతారు. ఒక్క మాటలో సమాధానం చెప్పవలసి వస్తే, నేర్చుకోవచ్చు, ఖర్చు దాదాపు లేదు అని చెప్పవచ్చు. కాని ఆ సమాధానం వెంట మరొక ప్రశ్న పుట్టుకొస్తుంది. ఇంత చౌకగా అబ్బే విద్య అయితే, ఇది ఇన్ని శతాబ్దాలపాటు రాజుల తోటలలోను, జమీందారుల తోటలలోను, కొద్దిమంది తోటమాలుల చేతులలోను మాత్రమే ఎందుకు ఉండిపోయింది? ఈ రెండవ ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉన్నది. ఆ జవాబు తెలిస్తే మొదటి ప్రశ్న అడిగినవారికి సగం ధైర్యం దానంతట అదే వస్తుందని మా నమ్మకం.

ముందుగా, అంటు కట్టవలసిన అవసరం ఏమిటో చూద్దాం. తియ్యని పండు తిని దాని టెంకను నాటితే మళ్ళీ ఆ పండే కాస్తుందని అమాయకంగా ఆశించనివారు ఉండరు. ఆరేడేళ్ళు నీరు పోసి పెంచిన తరువాత ఆ చెట్టు కాపుకు వచ్చి పీచు నిండిన పుల్లని కాయ ఒకటి చేతిలో పెట్టినప్పుడు గాని నిజం తెలిసిరాదు. మన దేశపు మామిడి రకాలలో ఎక్కువ భాగం టెంకలో ఒకే మొలక ఉన్నవి. ఆ మొలకలో తల్లి చెట్టు గుణంతోపాటు, పుప్పొడి ఇచ్చిన మరొక చెట్టు గుణం కూడా కలిసి ఉంటుంది. అన్నదమ్ములు ఒకరి పోలిక ఒకరికి రాకుండా పుట్టినట్లే, ఒకే చెట్టు టెంకలు పది మొక్కలైతే పది తీరుల పండ్లు కాస్తాయి. పడమటి తీరంలో దొరికే కొన్ని రకాలలో మాత్రం ఒక్క టెంక నుండి పలు మొలకలు వచ్చి, వానిలో అధిక భాగం తల్లి పోలికనే నిలుపుకొంటాయి. తెలుగుదేశంలో మనం ప్రీతితో తినే బంగినపల్లికి గాని, రసాలకు గాని, సువర్ణరేఖకు గాని ఆ భాగ్యం లేదు.

ఈ సత్యాన్ని చక్కగా చూపే కథ ఒకటి సముద్రాల కవతల జరిగింది. 1889లో అమెరికా వ్యవసాయశాఖవారు మన దేశం నుండి అంటు మామిడి మొక్కలను ఫ్లోరిడాకు తెప్పించారు. వానిలో దక్షిణ దేశపు మల్‌గోవా ఉన్నది. అక్కడివారు దానిని మల్‌గోబా అని పలికారు. 1895 నాటి గడ్డు మంచుకు మొక్కలు చనిపోగా, ఎల్‌బ్రిడ్జి గేల్ అనే ఆయన తోటలో ఒక్కటి మిగిలి 1898లో కాచింది. దాని టెంకలను హేడెన్ అనే విశ్రాంత సైనికోద్యోగి 1902లో కోకనట్ గ్రోవ్ అనే చోట నాటాడు. మరుసటి సంవత్సరమే ఆయన మరణించాడు. ఆయన భార్య ఆ మొక్కలను కాపాడగా 1910లో ఒక చెట్టుకు ఎర్రని బుగ్గలుగల పెద్ద పండ్లు కాచాయి. అది మల్‌గోవా కాదు, సరికొత్త పండు. దానికి హేడెన్ అనే పేరే నిలిచింది. టెంక నుండి అటువంటి అదృష్టం ఎప్పుడో ఒకసారి పండుతుంది. కాని ఆ అదృష్టాన్ని నిలబెట్టినది మాత్రం టెంక కాదు. ఆ ఒక్క చెట్టు కొమ్మలను తెచ్చి వేరే మొక్కల మీద అంటు కట్టడం చేతనే హేడెన్ మామిడి లోకమంతా వ్యాపించింది.

ఇందులో ఒక లోతైన విషయం ఉన్నది. బంగినపల్లి అని మనం పిలిచే చెట్లు లక్షలు ఉన్నాయి. కాని ప్రాణశాస్త్ర దృష్టితో చూస్తే అవన్నీ ఎప్పుడో, ఎక్కడో మొలిచిన ఒకే ఒక చెట్టు కొమ్మలు. ఆ మొదటి చెట్టు ఎన్నడో నేల కూలి ఉంటుంది. దాని కొమ్మ ఒకటి ఒక మొక్క మీదికి, దాని నుండి మరొక మొక్క మీదికి, చేతి నుండి చేతికి దాటుతూ నేటివరకు బ్రతికి వస్తున్నది. మధ్యలో ఏ ఒక్క తరం వారు కత్తి పట్టడం మానినా ఆ రకం అక్కడితో అంతం. గ్రంథాన్ని ఎత్తి వ్రాసుకొనేవారు లేకపోతే తాటాకు చెదలు పట్టిపోయినట్లే, అంటు కట్టేవారు లేకపోతే రుచి అంతరిస్తుంది.

తెలుగులో ఈ విద్యకు వచ్చిన పేరు ఎంత చక్కనిదో గమనించదగినది. అంటు అంటే తాకుడు. ఆ మాటను అడ్డుపెట్టుకొనే మన సమాజం మనుష్యులను మనుష్యుల నుండి దూరంగా నిలబెట్టింది. ఆ మాటతోనే తోటమాలి రెండు వేరు ప్రాణాలను ఒకటిగా కలిపాడు. ఉర్దూలో అంటు మామిడిని కలమీ ఆమ్ అంటారు. కలం అంటే చెక్కిన రెల్లుపుల్ల, వ్రాసే సాధనం. కొమ్మను ఏటవాలుగా చెక్కే తీరు, కలం చెక్కే తీరు ఒకటే కావడం చేత ఆ పేరు వచ్చింది. మన పేరు కలయికను చెప్పింది, వారి పేరు కత్తివాటును చెప్పింది. విద్య అంతా ఆ రెండు మాటలలోనే ఉన్నది.

ఈ విద్య ఎంత ప్రాచీనమైనదో ఇంతవరకు ఎవరూ నిర్ధారించలేదు. గ్రీసు దేశంలో క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దినాటి థియోఫ్రాస్టస్ దీనిని గూర్చి వ్రాశాడు. నేలలో విత్తనం నాటుకొన్నట్లే కొమ్మ మరొక చెట్టులో నాటుకొంటుందని ఆయన ఊహించాడు. రోమనులలో కేటో క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దిలో ద్రాక్షకు, ఓలివుకు, అత్తికి అంటు కట్టే పద్ధతులు తెలిపాడు. చీనా దేశంలో 6వ శతాబ్దిలో జియా సీషే రచించిన వ్యవసాయ గ్రంథంలో బేరిపండు చెట్టుకు అంటు కట్టే విధానం వివరంగా ఉన్నది. ఇంచుమించు ఆ శతాబ్దిలోనే మన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేద ప్రకరణంలో పనస, నేరేడు, దానిమ్మ మొదలైన వానిని పేర్కొంటూ, కొమ్మకు పేడ పూసి మరొక చెట్టు వేరు మీదనో మ్రాను మీదనో నాటే పద్ధతిని చెప్పాడు. పేడ పూయడంలోని ఉద్దేశం మనం తేలికగా ఊహించుకోవచ్చు. కోసినచోట తడి ఆరిపోరాదు, గాలి తగలరాదు. నేటి ప్లాస్టిక్ పట్టీ చేసే పని కూడా సరిగా అదే.

ప్రాచీనులు చెప్పినదంతా నిజం కాదు. ప్లేను చెట్టుకు ఆపిలు పండ్లు కాయించవచ్చునని రోమను కవి వర్జిల్ వ్రాశాడు. అటువంటి వింతలు మన పల్లెలలో కూడా వినబడుతూ ఉంటాయి. వేపకు మామిడి అంటు కడితే పండు ఔషధమవుతుందని కొందరు చెబుతారు. ప్రకృతి దీనికి సాధారణంగా ఒప్పుకోదు. మామిడి మామిడి మీదనే అతుకుతుంది. రేగు రేగు మీద, చీనీ నిమ్మజాతి మీద, సపోటా తన దగ్గరి బంధువైన పాలచెట్టు మీద నిలుస్తాయి. 2020లో జపాను శాస్త్రజ్ఞులు పొగాకు జాతి మొక్కలు దూరపు కుటుంబాల మొక్కలతో సైతం అతుక్కోగలవని చూపిన మాట నిజమే. కాని అది పరిశోధనశాలలోని సంగతి. పెరటిలో ప్రారంభించేవారు బంధుత్వం చూచి సంబంధం కలుపుకోవడమే క్షేమం.

కొమ్మ ఎట్లా అతుకుతుంది? చెట్టు బెరడుకు, లోపలి కర్రకు నడుమ పలుచని, జిగటగా తడిగా ఉండే పొర ఒకటి ఉన్నది. చెట్టు లావెక్కేది ఆ పొర వల్లనే. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దుహామెల్ దు మోన్సో 1758లో ప్రకటించిన గ్రంథంలో ఈ అతుకును శ్రద్ధగా పరిశీలించి వ్రాశాడు. గాయపడిన రెండు పొరలు ఒకదానికొకటి ఆనుకొని ఉంటే, రెండింటి నుండీ మెత్తని కణజాలం ఊరి మధ్య సందును పూడ్చివేస్తుంది. తరువాత దాని గుండా నీరు పైకి పోయే నాళాలు, ఆహారం క్రిందికి దిగే నాళాలు ఏర్పడతాయి. అతుకు పడినది అంటే ఇదే. అందుచేత అంటు కట్టేవాని నేర్పు అంతా మూడు విషయాలలో ఉన్నది. కోత నున్నగా ఉండాలి, పొరకు పొర తగలాలి, అతుకు పడేవరకు తడి ఆరకూడదు. ఈ మూడింటిలో డబ్బుతో కొనవలసినది ఏదీ లేదని శ్రోతలు గమనించి ఉంటారు.

మరి ఖరీదు ఎక్కడ వచ్చింది? మామిడి విషయంలో మన దేశంలో చిరకాలం నడచిన పద్ధతిని చూస్తే తెలుస్తుంది. మొగలు చక్రవర్తులకు పండ్లతోటల మీద ఉన్న మక్కువ ప్రసిద్ధమే. అక్బరు కాలంలో ముహమ్మద్ కులీ అఫ్షార్ అనే ఉద్యోగి చెర్రీ పండును కాబూలు నుండి తెచ్చి కాశ్మీరులో అంటు కట్టించాడని జహంగీరు తన స్వీయచరిత్రలో వ్రాసుకొన్నాడు. దర్భంగా దగ్గర అక్బరు లక్ష మామిడి చెట్లు నాటించాడని ప్రతీతి. పడమటి తీరంలో గోవాను పాలించిన పోర్చుగీసువారు మామిడికి అంటు కట్టించి మేలురకాలను నిలిపారు. ఆల్ఫోన్సో అనే పేరు ఆ కాలపు జ్ఞాపకమే. తెలుగునాట బనగానపల్లె నవాబుల సంస్థానం తన పేరునే పండుకు ఇచ్చింది. నూజివీడు వంటి జమీందారీలలో, హైదరాబాదు ప్రభువుల తోటలలో మేలురకాలను సేకరించడం ఒక వేడుకగాను, హోదాగాను సాగింది.

ఆనాడు మామిడికి కట్టినది ఎక్కువగా దగ్గరంటు. దాని తీరు ఇది. టెంక మొక్కను కుండలో ఏడాదిపాటు పెంచుతారు. ఆ కుండను మంచి చెట్టు దగ్గరకు తెచ్చి, కొమ్మలు ఎత్తులో ఉంటే వెదురుతో మంచె కట్టి, దాని మీద పెడతారు. తల్లి చెట్టు కొమ్మను చెట్టు నుండి కోయకుండానే దాని మీద మూడు నాలుగు అంగుళాలకు మించకుండా బెరడు చెక్కుతారు. మొక్క కాండాన్నీ అంతే మేర చెక్కి, రెండింటినీ ఒకదానికొకటి ఆనించి అరటినారతో బిగించి కట్టి, మట్టీ పేడా మెత్తుతారు. రెండు మూడు నెలలు గడచి అతుకు గట్టిపడిన తరువాత తల్లి కొమ్మను కొద్దికొద్దిగా కోసి వేరుచేస్తారు. అంతవరకు మంచె మీద ఉన్న ప్రతి కుండకు రోజూ నీరు పోయాలి. మొక్క తల్లి వద్దనే ఉండి అతుకుతుంది గనుక అంటు విఫలం కావడం తక్కువ. ఆ పద్ధతిలోని గొప్ప అది.

కాని దాని లోపం కూడా అక్కడే ఉన్నది. మొక్కనే తల్లి చెట్టు దగ్గరకు తీసికొని రావాలి. నెలల తరబడి అక్కడనే ఉంచాలి. మంచెకు వెదురు, నీటికి మనిషి, కాపలాకు మనిషి కావాలి. అన్నిటికన్న ముఖ్యంగా ఆ చెట్టు ఉన్న తోటలో అడుగు పెట్టే అధికారం ఉండాలి. తోట సంస్థానానిది అయినప్పుడు కాపు వాని సంగతి చెప్పనక్కర లేదు. లక్నో ప్రాంతంలో దశహరి మామిడి మొదటి చెట్టు మీద నవాబులు వల కప్పించి, కొమ్మ గాని టెంక గాని బయటికి పోకుండా కాపాడుకొన్నారని అక్కడివారు చెప్పుకొంటారు. ఆ కథలో అతిశయోక్తి ఉండవచ్చు. కాని ఒక కాలపు స్వభావం అందులో ఉన్నది. ఖరీదైనది కత్తి కాదు, తల్లి చెట్టును చేరగల హక్కు.

ఈ విద్యను పేదవానికి ప్రభుత్వమే పూనుకొని నేర్పవలసివచ్చిన సందర్భం చరిత్రలో ఒకటి ఉన్నది. దానికోసం కొంచెం సేపు ఫ్రాన్సు దేశానికి పోవాలి. 1860 తరువాత అక్కడి ద్రాక్షతోటలు కారణం తెలియకుండా ఎండిపోసాగాయి. ప్లాన్షో అనే శాస్త్రజ్ఞుడు, ఆయన మిత్రులు 1868లో చచ్చిన తీగెల వేళ్ళను తవ్వి చూచి, అమెరికా నుండి వచ్చిన పేనువంటి చిన్న పురుగు వేళ్ళను పీల్చి చంపుతున్నదని కనుగొన్నారు. దాని పేరు ఫిలాక్సెరా. 1875లో ఆ దేశంలో సుమారు 8 కోట్ల 40 లక్షల హెక్టోలీటర్ల ద్రాక్షసారా తయారు కాగా, 1889 నాటికి అది 2 కోట్ల 34 లక్షలకు పడిపోయింది. మందులు చాలలేదు. అమెరికా అడవి ద్రాక్ష వేళ్ళు ఆ పురుగుకు తట్టుకొంటాయి గనుక వాని మీద ఫ్రెంచి ద్రాక్షను అంటు కట్టాలని లాలిమాన్, గాస్తోన్ బజిల్ అనేవారు సూచించారు. మొదట ఎందరో దానిని నిరసించారు. చివరకు వేరే మార్గం లేకపోయింది.

అయితే కోట్లాది తీగెలకు అంటు ఎవరు కట్టాలి? తోటమాలులు చాలరు. అందుచేత 1880 తరువాత ద్రాక్ష పండే జిల్లాలలో అంటు కట్టడం నేర్పే బడులు వెలిశాయి. కూలివారు, చిన్నకారు రైతులు చలికాలపు తీరిక రోజులలో అక్కడికి పోయి, కత్తిరించి పారవేసిన పుల్లల మీద కోతలు సాధన చేసి, పరీక్ష ఇచ్చి, యోగ్యతాపత్రం పుచ్చుకొన్నారు. ఆ విధంగా ఫ్రాన్సు ద్రాక్షతోట మళ్ళీ నిలిచింది. అక్షరాస్యత అంతంతమాత్రమైన సామాన్య రైతు కొద్ది వారాలలో ఈ విద్య నేర్వగలడని అంత పెద్ద ఎత్తున ఋజువైన ఘట్టం అది. మన శ్రోతలు మరువరాని సంగతి ఏమంటే, వారు మొదట నేర్చినది పారవేసిన పుల్లల మీద.

ఇక మన నేలకు వద్దాము. నాటి కడప జిల్లాలోని కోడూరు దగ్గర అనంతరాజుపేటలో 1935లో పండ్ల పరిశోధనా స్థానం ఏర్పడింది. మామిడి, నిమ్మజాతి పండ్ల మీద అక్కడ జరిగిన పరిశోధన దక్షిణ దేశానికంతకూ ఉపకరించింది. ఆ స్థానానికి అధిపతిగా పనిచేసిన కె. సి. నాయక్ దక్షిణ భారతపు పండ్లను గూర్చి 1949లో ప్రకటించిన గ్రంథం చాలాకాలం తోటల పెంపకందారులకు పెద్దబాలశిక్షవంటిదైంది. తరువాత గంగొల్లీతో కలిసి ఆయన దక్షిణ దేశపు మామిడి రకాల పేర్లను, గుర్తులను వర్గీకరించి మరొక గ్రంథం వెలువరించాడు. అంతవరకు ఒక్కొక్క తోటలో ఒక్కొక్క పేరుతో చలామణీ అయిన పండ్లను పోల్చుకోవడానికి అది ఆధారమైంది.

అదే కాలంలో తోటల యాజమాన్యమూ మారింది. మద్రాసు రాష్ట్రంలో 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టంతో జమీందారీలు, హైదరాబాదులో 1949లో జాగీర్లు రద్దయినవి. తోటల తలుపులు పూర్తిగా తెరుచుకొన్నాయని చెప్పలేము గాని, కొమ్మ ఒకటి ఇవ్వమని అడగడానికి రైతుకు ఉన్న జంకు తగ్గింది.

సరిగా అప్పుడే ఒక సామాన్య వస్తువు ఈ విద్యను మార్చివేసింది. అది పాలిథీన్. 1933లో ఇంగ్లండులోని ఒక పరిశోధనశాలలో అనుకోకుండా కనిపించిన ఈ పదార్థం, రెండవ ప్రపంచ యుద్ధం తరువాత పలుచని రేకుగా అంగడికి వచ్చింది. అది తడిని బయటికి పోనివ్వదు, చర్మంవలె సాగి బిగుస్తుంది. అందుచేత తల్లి చెట్టు నుండి కోసిన కొమ్మ సైతం అతుకు పడేవరకు ఎండిపోకుండా నిలువగలిగింది. మొక్కను తల్లి దగ్గరకు మోయవలసిన పని పోయింది. కొమ్మనే తడిగుడ్డలో చుట్టి మొక్క దగ్గరకు తేవచ్చు. పక్కన చెక్కి అతికించే వినీరు అంటు, లేత మొలక మీద కట్టే టెంక అంటు, ఆ తరువాత 1970 దశకంలో గుజరాతు, కొంకణ ప్రాంతాలలో ప్రచారమైన లేతకొమ్మ అంటు క్రమంగా దగ్గరంటు స్థానాన్ని ఆక్రమించాయి. మంచె పోయింది, కుండ పోయింది, కాపలా పోయింది. గోదావరి తీరాన కడియం వంటి చోట్ల నర్సరీలలో అంటు కట్టే పని వేలాదిమందికి జీవనాధారం కావడం వెనుక ఈ మార్పు ఉన్నది.

ఇప్పుడు శ్రోతల మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పుకొందాము. ప్రారంభించేవారికి కావలసినవి ఏవి?

మొదటిది వేరు మొక్క. వేసవిలో తిని పారవేసే టెంకలే దానికి మూలం. టెంకలో ప్రాణం ఎక్కువ రోజులు నిలువదు గనుక కడిగి నీడలో ఆరబెట్టి నెల లోపల నాటాలి. పాల కవర్లకు అడుగున చిల్లులు పెట్టి, మట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి నింపితే సరిపోతుంది. మొక్క కాండం పెన్సిలు లావు అయినప్పుడు అంటుకు పక్వమైనట్లు.

రెండవది అంటు కొమ్మ. కోరిన రకమని పండు తిని నిశ్చయించుకొన్న చెట్టు నుండే తీసికోవాలి. మూడు నాలుగు నెలల వయస్సు గల, పూత పూయని, వేరు మొక్కంత లావు గల చివరి రెమ్మ మంచిది. కోయడానికి వారం పది రోజుల ముందు దాని ఆకులను కాడలు మాత్రం మిగిలేటట్లు కత్తిరించి ఉంచితే, చివరి మొగ్గ ఉబ్బి చిగురించడానికి సిద్ధంగా ఉంటుంది. ఈ ఒక్క ముందుజాగ్రత్త తెలియకనే ఎందరో క్రొత్తవారు నిరాశపడతారు.

మూడవది కత్తి. పదునైనది, శుభ్రమైనది అయితే చాలు. ప్రత్యేకమైన అంటుకత్తి దొరికితే మంచిదే, దొరకకపోతే క్రొత్త బ్లేడు దాని పని చేస్తుంది. నాలుగవది అర అంగుళం వెడల్పున కత్తిరించిన పలుచని పాలిథీన్ పట్టీ. అయిదవదానికి అంగడిలో ధర లేదు, అది ఓపిక.

జూలై నుండి సెప్టెంబరు వరకు, గాలిలో తేమ ఉన్న రోజులు ఇందుకు అనుకూలమైనవి. వేరు మొక్క తలను నేలకు జానెడు ఎత్తున అడ్డంగా కోసి, నడిమికి అంగుళంన్నర లోతు చీల్చాలి. అంటు కొమ్మ అడుగును గొడ్డలి అంచువలె ఇరువైపులా అంతే పొడవున నున్నగా చెక్కి ఆ చీలికలో దించాలి. రెండింటి లావు సమానం కాకపోతే ఒక పక్కనైనా బెరడు అంచులు కలిసేటట్లు జరపాలి. వెంటనే పట్టీతో క్రింది నుండి పైకి బిగించి చుట్టి, కొమ్మ మీద సన్నని పాలిథీన్ గొట్టాన్ని టోపీవలె తొడిగి, మొక్కను నీడలో ఉంచాలి. రెండు మూడు వారాలలో చిగురు కనిపిస్తే టోపీ తీసివేయాలి. అతుకు క్రింద వేరు మొక్క నుండి వచ్చే పిలకలను ఎప్పటికప్పుడు గిల్లివేయాలి. లేకపోతే ఇంటివాడు ఆకలితో ఉండగా చుట్టం విందు ఆరగించినట్లు, అవే పెరిగి అంటును చంపుతాయి. అతుకు బాగా పడిన తరువాత పట్టీని విప్పడం మరువరాదు, లావెక్కే కాండానికి అది ఉరి అవుతుంది.

మొదటి ప్రయత్నంలోనే మంచి కొమ్మను ఖర్చు చేయరాదు. ఫ్రాన్సు రైతులు చేసినట్లు పనికిరాని పుల్లల మీద కోత సాధన చేయాలి. చెక్కిన రెండు ముఖాలను కలిపి వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు సందులో వెలుగు కనిపించకపోతే చెయ్యి కుదిరినట్లు. ఆ తరువాత కూడా పది కడితే పదీ పట్టవు. పట్టనివానికి కారణం వెదకడమే ఈ విద్యలో గురువు.

నీరు తక్కువైన మెట్ట ప్రాంతాల వారికి మరొక మార్గం ఉన్నది. గట్ల మీద ఎవరూ నాటకుండా మొలిచిన నాటు రేగు చెట్లు అనేకం. ఎండాకాలంలో దానిని మొదలు దగ్గర నరికితే తొలకరికి క్రొత్త చివుళ్ళు వస్తాయి. వానిలో బలమైన ఒక్కదానిని ఉంచి దాని మీద మేలురకపు రేగు కన్నును అతికించవచ్చు. భూమిలో లోతుకు దిగిన వేరు ముందే సిద్ధంగా ఉన్నది గనుక నీరు పోసే శ్రమ అంతగా ఉండదు. ముళ్ళకంప అని మనం తొలగించేది ఫలవృక్షం కాగలదు.

ఇదంతా డబ్బు మిగుల్చుకోవడానికే అయితే మేము ఇంత విస్తరించి వ్రాయము. అంతకన్న పెద్ద విషయం ఒకటి ఉన్నది. నర్సరీలు అమ్ముడుపోయే రకాలనే కడతాయి. అది వ్యాపార ధర్మం, వారిని తప్పు పట్టలేము. 2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. తోతాపురికి రసం తీసే కర్మాగారాలు ఉన్నాయి. వీనికి భయం లేదు. కాని ప్రతి గ్రామంలోను ఒక ప్రత్యేకమైన చెట్టు ఉంటుంది. ఆవకాయకు ఫలానా వారి దొడ్డిలోని కాయే కావాలని ఊరంతా ఎదురుచూచే చెట్టు అది. పండూరి మామిడి, కొత్తపల్లి కొబ్బరి వంటివి ఊరి పేర్లతో కొంత పేరు పొందినవి. ఏ పేరూ లేక దొడ్డి పేరుతోనో, ముత్తవ్వ పేరుతోనో పిలువబడేవి మరెన్నో ఉన్నాయి. అటువంటి చెట్టు రోడ్డు వెడల్పులోనో, ఇంటి పంపకాలలోనో, తుఫానులోనో కూలినప్పుడు దానికి ప్రతి ఉండదు. టెంకలు నాటి దానిని మళ్ళీ తెప్పించలేమని ముందే చెప్పుకొన్నాము. చెట్టు కూలిన రోజున పచ్చిగా ఉన్న రెమ్మలు నాలుగు కోసి, తడిగుడ్డలో చుట్టి, సిద్ధంగా ఉన్న వేరు మొక్కల మీద కట్టగలవాడు ఊరిలో ఒక్కడు ఉంటే చాలు, ఆ చెట్టు చావదు.

దీనికి విద్యాలయపు పట్టా అవసరం లేదనడానికి దృష్టాంతం మన దేశంలోనే ఉన్నది. ఉత్తరప్రదేశ్‌లోని మలీహాబాదుకు చెందిన హాజీ కలీముల్లా ఖాన్ ఏడవ తరగతితో బడి మానినవాడు. నూరేళ్ళు దాటిన ఒక్క మామిడి చెట్టు మీద ఆయన 300కు పైగా రకాలను అంటు కట్టి నిలిపాడు. భారత ప్రభుత్వం 2008లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. చోటు లేనివారికి కూడా ఆయన చెట్టు ఒక పాఠం. పెరటిలో ఒక్క చెట్టుకు మాత్రమే తావు ఉన్నవారు ఆ ఒక్కదాని మీదనే ఇంటికి కావలసిన నాలుగు రుచులను నిలుపుకోవచ్చు.

ఒకనాడు మంచి మామిడి కావాలంటే మంచె, కుండలు, కాపలావాడు, ప్రభువు అనుమతి కావలసివచ్చింది. నేడు పారవేసిన టెంక, పాల కవరు, ఒక బ్లేడు, పొరుగువారిని అడిగి తెచ్చుకొన్న ఒక రెమ్మ చాలు. చరిత్ర తన వంతు పని చేసి ఈ విద్యను మన గుమ్మం దాకా తెచ్చి పెట్టింది. ఈ వేసవిలో మీ ఊరిలో అందరికన్న ముసలి మామిడి చెట్టు ఏదో, దాని కాయ ఎటువంటిదో పెద్దలను అడిగి తెలుసుకోండి. తిన్న పండ్ల టెంకలను పారవేయక నాటి ఉంచండి. వచ్చే వర్షాకాలానికి మొక్కలూ సిద్ధంగా ఉంటాయి, పుల్లల మీద సాధన చేసిన మీ చెయ్యీ సిద్ధంగా ఉంటుంది.